రాజయ్య దాచలేదు

చనిపోయిన ఒక మనిషికి నేను చెడ్డపేరు తెచ్చాను. ఆ పేరును అతను కడుక్కోలేడు. కడగవలసినవాణ్ణి నేనే. కానీ ఆ బరువు నాది కానట్టు ఏళ్ళ తరబడి అంగడి నడుపుకున్నాను, పెళ్ళిళ్ళకు పోయాను, పిల్లలను ఎత్తుకున్నాను. మధ్యలో ఒకసారి సగం దించుకున్నాను. మిగిలిన సగం ఇప్పుడు నన్ను కూర్చోనివ్వడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

మీరెవరో నాకు తెలియదు, మీరు నన్ను గుర్తుపట్టలేరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. ఎదురుగా ఉన్న మనిషికి మొత్తం చెప్పే ధైర్యం నాకు లేదని ఒకసారి తేలిపోయింది. అది కూడా చెప్తాను.

పేర్లు మార్చి రాద్దామనుకున్నాను. నా పేరు ఎలాగూ రాయను, అంత మంచివాణ్ణి కాను. రాజయ్య పేరు మార్చబోతే మాత్రం చెయ్యి రాలేదు. అతని పేరుతో నేను ఇప్పటికే చేసింది చాలు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. వరంగల్ చౌరస్తా దగ్గర మాకు నూలు అంగడి ఉండేది. నూలు మీద సర్కారు కంట్రోలు వచ్చాక అంగడి తెరిచినా అమ్మడానికి సరుకు ఉండేది కాదు. మా అన్న, నేను, ఇద్దరి సంసారాలు ఆ ఒక్క అంగడి మీదే. అన్న నన్ను పొమ్మనలేదు. కానీ అన్నం దగ్గర కూర్చున్నప్పుడు వదిన మౌనం నాకు అర్థమయ్యేది. అప్పుడే ఒక స్నేహితుడి ద్వారా బీమా ఏజెంటు పని దొరికింది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. తప్పు కంపెనీది కాదు, నాది.

ఆ పనిలో జీతం లేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నేను రాజయ్యకు చెప్పనిది ఇదే. కొత్తగా ఒక మనిషి చేత బీమా చేయిస్తే, మొదటి ఏడాది అతను కట్టే కిస్తులో పెద్ద వాటా ఏజెంటుకు వస్తుంది. తర్వాతి ఏళ్ళలో వచ్చేది పిసరంత. ఇంకో ఏజెంటు ఇంకో కంపెనీలో చేయించిన బీమా ఎంత గట్టిదైనా, దానివల్ల నాకు వచ్చేది ఏమీ లేదు. అంటే, ఇప్పటికే బీమా ఉన్న మనిషి నాకు పనికిరాడు. అతను పాతది వదిలి కొత్తది తీసుకుంటేనే పనికొస్తాడు. ఇంత సూటిగా అప్పట్లో నాకు నేను చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే ఆగేవాణ్ణా? ఏమో. ఆగేవాణ్ణని రాయాలని ఉంది, కానీ రాయలేను.

హైదరాబాదు నుంచి వచ్చే కంపెనీ ఇన్‌స్పెక్టరు మాకు మాటలు నేర్పేవాడు. నీకేమొస్తుందని ఎవరైనా అడిగితే నవ్వి మాట మార్చమనేవాడు. అడగకపోయినా చెప్పమని ఎవరూ మమ్మల్ని బలవంతపెట్టలేదు. కానీ అడిగిన మనిషికి అబద్ధం చెప్పమని కూడా ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ పని నేను నా అంతట నేను చేశాను.

రాజయ్య కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. సొంత మగ్గాలు ఉండేవి, కూలికి నేసేవాళ్ళు ఉండేవారు. మా అంగడిలోనే నూలు కొనేవాడు, అలా పరిచయం. నాకంటే పెద్దవాడు. నేను అన్నా అనేవాణ్ణి, అతను తమ్మీ అనేవాడు. ఆ మనిషిలో అందరికీ తెలిసిన గుణం ఒకటుంది. తన ఒంట్లో ఏం జరిగినా ఊరందరికీ చెప్పుకోవాలి. పన్ను నొప్పి వచ్చినా, కాలు బెణికినా, అరగకపోయినా, నూలు బేరం పక్కన పెట్టి ముందు అదంతా చెప్పేవాడు. మా అన్న విసుక్కునేవాడు. నాకు మాత్రం వినడం ఇష్టంగా ఉండేది. తన నొప్పుల గురించి తనే నవ్వుతూ చెప్పేవాడు. నడి వయసులో సత్తమ్మను రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల కోసమే, నేను ఏజెంటు కాకముందే, వేరే కంపెనీలో బీమా చేశాడు. దాన్ని చేయించిన ముసలి ఏజెంటు తన కొడుకు దగ్గరికి బొంబాయి వెళ్ళిపోయాడు. అయినా రాజయ్య ఏటా తనంతట తానే కిస్తు కట్టివచ్చేవాడు.

ఒక చలికాలం రాజయ్యకు దగ్గుతో పాటు నెత్తురు పడింది. హనుమకొండ దవాఖానలో కొన్నాళ్ళు ఉన్నాడు. తగ్గి వచ్చాక ఆ సంగతి కూడా వాడ అంతా తిరిగి చెప్పాడు. నెత్తురు ఎంత పడిందో, డాక్టరు ఏమన్నాడో, మందు ఎంత చేదో. మా అంగడిలో కూర్చుని నాకూ చెప్పాడు. తెలియదని నేను అనడానికి వీల్లేదు.

ఆ తర్వాతి ఎండాకాలంలో నా ఏజెన్సీ పోయేలా ఉంది. కొత్త పాలసీలు తేకపోతే ఇంక రావద్దని ఇన్‌స్పెక్టరు చెప్పి వెళ్ళాడు. నాకు తెలిసిన ఇళ్ళన్నీ అప్పటికే తిరిగాను. అప్పుడు రాజయ్య గుర్తొచ్చాడు. కాదు. అతను ఎప్పుడూ గుర్తున్నాడు, అంతవరకు అతని దగ్గరికి పోవడానికి మనసొప్పలేదు. ఆ రోజు ఒప్పింది.

పాత కంపెనీ యుద్ధంలో దెబ్బతిన్నదని, మునిగిపోవచ్చని చెప్పాను. అబద్ధం. ఆ కంపెనీకి ఏమీ కాలేదు. అప్పట్లో అలాంటి పుకార్లు చాలా తిరిగేవి, బ్యాంకుల్లోంచి డబ్బు తీసుకుని ఇంట్లో పాతిపెట్టేవాళ్ళు, కాబట్టి రాజయ్య నమ్మాడు. పాత పాలసీకి కిస్తు కట్టడం మానేసి మా కంపెనీలో కొత్తది తీసుకోమన్నాను. పాతది జబ్బు రాకముందు తీసుకున్నది. దాన్ని అలాగే ఉంచుకుంటే ఆ కంపెనీ కాదనడానికి వీల్లేదు. కొత్తదానికి మళ్ళీ ఆరోగ్యం సంగతి రాసివ్వాలి. ఈ తేడా ఏజెంటుగా నాకు తెలుసు. చెప్పడం నా ధర్మం. నేను నోరు విప్పలేదు.

అతని ఇంటి వాకిట్లో కూర్చుని ఫారం నింపాను. లోపల మగ్గాలు ఆడుతున్నాయి. జబ్బుల గురించి అడిగే వరుస దగ్గరికి రాగానే రాజయ్య తనే అన్నాడు.

"మొన్న చలికాలం నెత్తురు వడ్డది గద తమ్మీ, గది రాయి."

"అదవసరం లేదన్నా. తగ్గిపాయె గద. రాస్తె ఊకె అడ్డం వెడ్తరు."

"రాయకుంటె తప్పు గాదా?"

"నేను జూసుకుంట. నువ్వు ఫికర్ జేయకు."

చెమటకు తడిసిన నా చొక్కా వంక చూశాడు. తర్వాత, అనుమానంతో కాదు, నా మీద జాలితోనే అడిగాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"ఎండల వడి ఇంత తిరుగుతానవు. నీకేమన్న గిట్టుబాటైతదా దీంట్ల?"

"నాకేముంటదన్నా. కంపెనీ జీతమిస్తది, తిరగమంటది. నీ బిడ్డకు ఆసరుంటదని జెప్తాన."

అతను తల ఊపాడు. సత్తమ్మను పిలిచి నాకు చాయ పెట్టమన్నాడు. తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం చేశాడు.

ఆ క్షణం దగ్గరికి నేను ఎన్నిసార్లు తిరిగి వెళ్ళానో చెప్పలేను. నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? కొత్తది తీసుకుంటేనే నాకు కమీషన్ వస్తుందన్నా, పాతదానిమీద రాదు అని ఒక్క మాట అని ఉంటే? రాజయ్య కోపం తెచ్చుకునేవాడు కాదు. బహుశా నవ్వేవాడు. కానీ వ్యాపారం చేసినవాడు, నాలుగు బేరాలు చూసినవాడు. ఈ మాట చెప్తున్నవాడికి ఇందులో లాభం ఉందని తెలిస్తే, ఇంకొకణ్ణి అడిగి చూద్దామనుకునేవాడు. ఆ ఇంకొకడు ఎవరైనా, పాతది వదలకు అనేవాడు. జీతం అనే ఒక్క మాటతో నేను ఆ దారి మూసేశాను.

కంపెనీ డాక్టరు పరీక్ష చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇంతకుముందు పెద్ద జబ్బులేమైనా వచ్చాయా అని ఆయన అడిగాడు. రాజయ్య నా వంక చూశాడు. నేనే జవాబు చెప్పాను, ఏమీ లేదు సాబ్ అని. తన నొప్పులన్నీ ఊరికి చెప్పుకునే ఆ మనిషి, అడగవలసినవాడు అడిగినప్పుడు, నా మాట మీద నోరు మూసుకున్నాడు.

నాకు కమీషన్ వచ్చింది. ఏజెన్సీ నిలిచింది. ఇంట్లో నా కంచం ముందు మౌనం తగ్గింది.

ఏడాది తిరిగిన తర్వాత వానాకాలంలో రాజయ్య జబ్బు తిరగబెట్టింది. ఎక్కువ రోజులు లేడు. నేను దవాఖానకు పోయి చూశాను. తన ఎడమ పక్క ఎలా నొస్తుందో, ఏ పక్కకు పడుకుంటే తగ్గుతుందో నాకు వివరంగా చెప్పాడు. బీమా సంగతి అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మూడో రోజు పోయేసరికి మంచం ఖాళీగా ఉంది.

డబ్బు కోసం దరఖాస్తు నేనే పెట్టించాను. మీకు వింతగా అనిపించవచ్చు, కానీ వస్తుందనే అనుకున్నాను. ఎవరు వచ్చి ఆరా తీస్తారులే అనుకున్నాను. వచ్చారు. కొత్త పాలసీ కాబట్టి, మనిషి తొందరగా పోయాడు కాబట్టి, హైదరాబాదు నుంచి కంపెనీ మనిషి వచ్చి కొత్తవాడలో నలుగురిని అడిగాడు. రాజయ్య సంగతి తెలియనివాళ్ళెవరు? ప్రతి ఒక్కరూ చెప్పారు, ఎంత నెత్తురు పడిందో కూడా చెప్పారు. దవాఖానలో అడిగితే అక్కడా అదే చెప్పారు. ఆరోగ్యం విషయంలో అబద్ధం రాసిచ్చాడు గనుక డబ్బు రాదని ఆ మనిషి సత్తమ్మ వాకిట్లో అందరి ముందూ చెప్పాడు. నేను అతని పక్కనే నిలబడి ఉన్నాను.

కంపెనీ మనిషి వెళ్ళిపోయాక సత్తమ్మ నా దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు. ఏదో లెక్క కుదరనట్టు చూస్తోంది.

"కాలికి ముల్లిరిగితె ఊరందరికి జెప్పే మనిషాయె. కంపెనోళ్ళకెందుకు చెప్పలే? నీకు గూడ చెప్పలేదా తమ్మీ?"

ఆమె నాకు తలుపు తెరిచి పట్టుకున్నట్టే అడిగింది. నాకు చెప్పాడు వదినా అంటే చాలు. కానీ నిజం తెలిస్తే నా ఏజెన్సీ పోతుంది, కేసు అవుతుంది, చౌరస్తాలో మా అన్న తలెత్తుకోలేడు. ఇవన్నీ అప్పుడే ఆలోచించానా, తర్వాత నాకు నేను చెప్పుకున్న సాకులా? తెలియదు. నోటి నుంచి వచ్చింది మాత్రం ఇదీ.

"లేదు వదినా. నాకు గూడ చెప్పలే. చెప్తె నేను రాయకపోదునా?"

ఆమె మెల్లగా తల ఊపింది. భర్త పోయినప్పటి దుఃఖం వేరు. ఇప్పుడు ఆమె మొహంలో కనిపించింది వేరు, అది అవమానం. నేను ఆమె డబ్బు పోగొట్టాను. అంతకంటే ఘోరం, ఆమె భర్తను కూడా ఆమెకు కాకుండా చేశాను. తనతో ఒక మాట, కంపెనీతో ఒక మాట మాట్లాడే మనిషిని కట్టుకున్నాననుకుంది.

రాజయ్య తల్లి ముసలిది. చెవులు సరిగా వినిపించవు. ఆమెకు ఎవరో గట్టిగా అరిచి చెప్పారు, నీ కొడుకు అబద్ధం రాసిచ్చిండట, పైసలు రావట అని. ఆమె చాలాసేపు ఆ అరిచిన మనిషి నోటివైపే చూస్తూ కూర్చుంది.

మగ్గాలు అమ్ముకున్నారు. సత్తమ్మ తన అన్నగారి ఊరు రఘునాథపల్లికి పోయింది. బిడ్డతో పాటు అత్తను కూడా తీసుకుపోయింది. నేను స్టేషను దాకా వెళ్ళి సామాను ఎక్కించాను. నువ్వన్న మంచోనివి తమ్మీ అని ఆమె అన్నప్పుడు రైలు కదలడం లేదేమిటా అనుకున్నాను.

ఆ తర్వాత ఏళ్ళు నేను తిరుగుతూనే ఉన్నాను. కొత్తవాడ మీదుగా పోవలసిన పని ఉంటే చుట్టు తిరిగి పోయేవాణ్ణి. అంగడిలో ఎవరైనా దగ్గితే లేచి బయటికి వచ్చేవాణ్ణి. కొన్నాళ్ళకు బీమా పని మానేసి మళ్ళీ నూలులో పడ్డాను. దానివల్ల తేలికపడతాననుకున్నాను. మానేసిన పని మనిషిని వదిలిపెట్టదని అప్పుడు తెలిసింది.

యుద్ధం అయిపోయింది. మధ్యలో గడబిడలు వచ్చాయి, పోలీసు చర్య జరిగింది. ఊళ్ళు కాస్త నెమ్మదించాక ఒకరోజు కొత్తవాడ మనిషి ఒకతను నూలు కోసం మా అంగడికి వచ్చాడు. తక్కువ తూకం నూలు కలిపి అంటగట్టకు అని నాతో చెప్పడానికి అతను అన్న మాట ఇదీ: "రాజయ్య బీమ లెక్క జేయకు సేటు, ఉన్నదున్నట్టు జెప్పు." అని నవ్వాడు. పక్కనున్నవాడూ నవ్వాడు. నాకు అర్థమైంది. ఆ వాడలో దాపరికానికి రాజయ్య పేరు వాడుకమాట అయిపోయింది. దాపరికం తెలియని ఒకే ఒక్క మనిషి పేరు. ఎన్నేళ్ళుగా అంటున్నారో అలా.

మర్నాడే రైలెక్కాను.

రఘునాథపల్లిలో సత్తమ్మ అన్నగారి ఇల్లు వెతకడం కష్టం కాలేదు. ఆమె వాకిట్లో కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. వెంట్రుకలు నెరిశాయి. ముసలమ్మ గోడకు ఆనుకుని ఎండలో కూర్చుని ఉంది. బిడ్డ బావి నుంచి నీళ్ళు మోసుకొస్తోంది, తండ్రి పోలికే. సత్తమ్మ నన్ను చూసి సంతోషపడింది. ఆ సంతోషం చల్లారకముందే చెప్పేయాలనుకున్నాను. నిలబడే చెప్పాను. రాజన్న నాకు చెప్పాడని, రాయమన్నాడని, నేనే వద్దన్నానని, డాక్టరుతో కూడా నేనే అబద్ధం చెప్పానని.

ఆమె తిప్పుతున్న రాట్నం ఆగింది. నేను కాళ్ళ మీద పడితే బాగుండునా అనుకుంటున్నాను. ఆమె నా వంక చూడలేదు. అత్త వంక చూసింది.

"మా అత్తకు ఇనపడది. మల్ల జెప్పు. జర గట్టిగ జెప్పు."

నేను ముసలమ్మ దగ్గర కూర్చుని చెప్పాను. ఆమె అర్థం కానట్టు చెవి దగ్గరగా పెట్టింది. ఇంకా గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగ అని సత్తమ్మ అంది. చివరికి నేను అరిచాను. రాజన్న దాచలేదమ్మా, నేనే దాచిపిచ్చిన అని నడి వాకిట్లో అరిచాను. పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూశారు. బిడ్డ బిందె దింపి నిలబడిపోయింది. ముసలమ్మకు ఈసారి వినిపించింది. ఆమె నన్ను తిట్టలేదు. "నా కొడుకు అసొంటోడు గాడని నాకెరికనే" అని, పక్కకు తిరిగి సత్తమ్మ చెయ్యి పట్టుకుంది. వాళ్ళిద్దరూ అలా కూర్చున్నారు. అక్కడ నేను లేనట్టే ఉంది.

నాకు గొంతు బొంగురుపోయింది. కానీ ఛాతీలో ఏదో వదులైంది. వెళ్ళిపోదామని లేచాను. అప్పుడు సత్తమ్మ అడిగింది, మామూలుగానే అడిగింది.

"మరి ఆ పాత బీమ ఎందుకిడిపిచ్చినవు?"

చూడండి, అప్పటికి అంతా చెప్పేశాను. ఊరు వినేలా అరిచాను. ఇంకొక్క మాట మిగిలింది. దాచడానికి కారణం కూడా లేదు. ఏజెన్సీ లేదు, కంపెనీ భయం లేదు. అయినా ఏం చెప్పానో తెలుసా?

"ఆ కంపెని మునుగుతదన్నరు వదినా అప్పుడు. నేను గూడ నమ్మిన."

ఆమె కండె పక్కన పెట్టింది. అయితే భయపడి చేశావన్నమాట అని అంది. బిడ్డతో నాకు మంచినీళ్ళు ఇప్పించింది. నేను తాగాను. ఆ నీళ్ళు ఆమెతో ఆడిన రెండో అబద్ధానికి దొరికినవి.

ఎందుకు చెప్పలేకపోయాను? జబ్బు దాచిపెట్టమన్నది మేలు చేయబోయి చేసిన పొరపాటని ఎవరైనా అనుకోవచ్చు, ఆమె కూడా అలాగే అనుకుని ఉండవచ్చు. పాత బీమా సంగతి అలా కాదు. దానికి మంచి ఉద్దేశం అనే ముసుగు ఎటునుంచీ సరిపోదు. అది చెప్తే నేను పొరపాటు చేసినవాణ్ణి కాను, అతణ్ణి అమ్ముకున్నవాణ్ణి. ఆమె ముందు అంత చిన్నవాణ్ణి కావడం ఇష్టం లేక, ఆమెకు రావలసిన నిజంలో సగం నా దగ్గరే అట్టిపెట్టుకుని వచ్చాను. తిరుగు రైలులో కాజీపేట దాటకముందే, వదులైన ఛాతీ మళ్ళీ బిగిసింది.

కొత్తవాడలో నలుగురిని పిలిచి రాజయ్య దాచలేదని చెప్పాను. కొందరు నమ్మారు. ఆ వాడుకమాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఒకసారి నోళ్ళలో పడ్డది నేను చెప్పగానే పోదు. వాళ్ళెవరూ పాత బీమా గురించి అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఆ అలవాటు నాకు ఏ పనిలో వచ్చిందో మీకు తెలుసు.

సత్తమ్మ బతికే ఉంది. రైలు రోజూ పోతుంది. పోతానని మీకు మాటివ్వను. ఎన్నోసార్లు టికెట్టు కిటికీ దాకా పోయి వచ్చాను. ఆమె క్షమించాలని కూడా అనుకోవడం లేదు. క్షమించడానికి ముందు ఆమెకు తెలియాలి కదా.

అందుకని మీకు చెప్తున్నాను, ఇంతవరకు ఎవరి ముందూ రాని మాట. పాత కంపెనీకి ఏమీ కాలేదు. అది నాకు అప్పుడే తెలుసు. అదే వానాకాలంలో అదే కంపెనీ అదే వాడలో భర్త పోయిన ఇంకొక ఇల్లాలికి పైసాతో సహా ఇచ్చింది. రాజయ్య పాత పాలసీ ఉండి ఉంటే సత్తమ్మ మగ్గాలు అమ్మేది కాదు, ఊరు విడిచేది కాదు, అన్న ఇంట్లో కండెలు చుట్టేది కాదు. నాకు కమీషన్ రాదని దాన్ని వదిలించాను. భయపడి కాదు. నమ్మి కాదు. కమీషన్ కోసం.

రాశాను. చదివి చూసుకున్నాను. కొట్టివేయలేదు.